ఫ్రాన్సులో కారు నడిపేవారికి జీపీఎస్ వాడకం: తెలుసుకోవలసిన విషయాలు

యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడి మన దేశంలో కలిసింది. చట్టరీత్యా అప్పగింత 1962లో పూర్తయింది. అప్పట్లో ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలకు ఫ్రాన్సుతో రాకపోకలు నేటికీ ఉన్నాయి. ఇక చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన పిల్లలు బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్ తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లను చూడబోయి, అక్కడ కారు అద్దెకు తీసుకుని నాలుగు ఊళ్లు తిరిగి రావాలనుకునేవారి కోసం ఈ వ్యాసం.

"ఫోనులో జీపీఎస్ ఉంది కదా, దారి అదే చూపిస్తుంది" అనే మాట మేము తరచుగా వింటుంటాం. దారి చూపిస్తుంది, నిజమే. కానీ ఆ దేశపు చట్టం అన్నిసార్లూ చెప్పదు, తప్పు జరిగితే జరిమానా అది కట్టదు. తెర ఒకటి చెప్పి రోడ్డు పక్క బోర్డు మరొకటి చెబితే బోర్డు మాటే చెల్లుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే కింది వివరాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

పరికరం ఎలా పని చేస్తుంది

జీపీఎస్ అమెరికా ప్రభుత్వం నడిపే ఉపగ్రహ వ్యవస్థ. దాని ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే పరికరం తానున్న చోటును లెక్క కడుతుంది. ఐరోపా సమాఖ్యకు గెలీలియో అనే సొంత వ్యవస్థ ఉంది. 2016 డిసెంబరు నుంచి దాని సేవలు అందుతున్నాయి. ఇప్పటి ఫోన్లలో చాలావరకు రెండింటినీ వాడుకుంటాయి. మన నావిక్ పరిధి భారతదేశం, చుట్టూ సుమారు 1,500 కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి ఫ్రాన్సులో అది పనికిరాదు.

మనం ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. సంకేతం ఆకాశం నుంచి ఉచితంగా వస్తుంది. ఇంటర్నెట్ కావలసింది పటం కోసం, ట్రాఫిక్ సమాచారం కోసం. అందువల్ల వెళ్లే ప్రాంతాల పటాలను ఇంట్లో వైఫై ఉండగానే ఫోనులోకి దించుకుంటే రోమింగ్ ఖర్చు తగ్గుతుంది, నెట్‌వర్క్ లేని పల్లెల్లోనూ దారి కనిపిస్తుంది.

విడిగా దొరికే పరికరాన్ని ఇక్కడ ఆఖరుసారి వాడి అక్కడ తెరిస్తే, అది తానున్న చోటు పోల్చుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. విమానాశ్రయం సెల్లారులో కాకుండా ఆకాశం కనిపించే చోట, కారు కదిలించక ముందే ఆ పని కానివ్వాలి.

ముందుగా కాగితాలు

అద్దె కారు కౌంటరులో అడిగేవి: పాస్‌పోర్టు, మన దేశపు అసలు డ్రైవింగ్ లైసెన్సు, నడిపేవారి పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు. స్వల్పకాలం ఉండేవారు మన లైసెన్సుతో పాటు దాని అధికారిక ఫ్రెంచి అనువాదం గానీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గానీ దగ్గర ఉంచుకోవాలి. పర్మిట్టుకు రవాణా శాఖకు ఫారం 4ఏ దాఖలు చేయాలి. రుసుము 1,000 రూపాయలు, చెల్లుబాటు ఒక సంవత్సరం. అసలు లైసెన్సు చేతిలో లేకుండా ఈ పర్మిట్టు ఒక్కటే చెల్లదు.

మన వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవలసింది పేరు. తమిళనాడు, కర్ణాటకల్లో స్థిరపడిన మన ఇళ్లలో లైసెన్సు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో అదే పూర్తిగా విప్పి ఉంటుంది. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యలో చేరుతుంది. క్రెడిట్ కార్డు మీద మూడో రకంగా ఉండవచ్చు. పాస్‌పోర్టు, లైసెన్సు, పర్మిట్టు, కార్డు నాలుగింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి సరిచూడండి. తేడా ఉంటే పర్మిట్టుకు దరఖాస్తు పెట్టేలోపే సరిచేయించుకోవడం మేలు. రాత్రి పూట పరాయి దేశపు కౌంటరు దగ్గర ఇంటిపేరు సంప్రదాయం వివరించడం కష్టం.

చిరునామా ఎక్కించడం

ఎక్కువ తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. ఫ్రాన్సులో ఒకే పేరున్న ఊళ్లు, వీధులు లెక్కలేనన్ని. ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ లూర్దు. విజయవాడ గుణదల కొండ మీద ఉన్నది లూర్దు మాత పేరిట వెలసిన క్షేత్రమే కనుక ఈ పేరు మనవాళ్లకు కొత్త కాదు. అసలు పుణ్యక్షేత్రం పేరు చివర ఫ్రెంచిలో 'ఎస్' ఉంటుంది. ఆ ఒక్క అక్షరం వదిలేస్తే పరికరం 'లూర్ద్' అనే మరో చిన్న పల్లెకు తీసుకుపోతుంది. రెండూ పిరనీస్ పర్వతాల వైపే ఉన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి చాలా దూరం. యాత్రికులు గుడి కోసం ఆ పల్లెలో వెతికిన సంగతి పత్రికల్లో కూడా వచ్చింది.

దీనికి మందు పోస్టల్ కోడు. మన పిన్ ఆరంకెలు, వాళ్లది ఐదంకెలు. మొదటి రెండంకెలు జిల్లాను తెలుపుతాయి. పుణ్యక్షేత్రం కోడు 65తో మొదలవుతుంది, పల్లె కోడు 31తో. పారిస్ నగరానిది 75. కాబట్టి ముందు కోడు, తరువాత ఊరు, చివర వీధి, ఇంటి నంబరు ఎక్కించండి. తెర మీద వచ్చిన దూరం, సమయం మన అంచనాకు దగ్గరగా ఉన్నాయా లేదా చూసి గానీ బయలుదేరవద్దు. పారిస్ నుంచి లియోన్‌కు పెద్ద రహదారి మీద సుమారు 465 కిలోమీటర్లు. తెర 700 అని చూపిస్తే ఏదో తప్పు పడ్డట్టే.

అక్షాంశ రేఖాంశాలు ఎక్కించేవారికి మరో మాట. మన దేశమంతా గ్రీనిచ్‌కు తూర్పున ఉంది కనుక మైనస్ గుర్తు మనకు అలవాటు లేదు. గ్రీనిచ్ రేఖ ఫ్రాన్సు మీదుగా పోతుంది. నాంత్, బోర్దో, బ్రెస్ట్ వంటి పడమటి ఊళ్లకు రేఖాంశం ముందు మైనస్ ఉంటుంది. అది వదిలేస్తే గమ్యం రేఖకు అవతలి వైపు పడుతుంది.

పలుకు వేరు, బోర్డు వేరు

గూగుల్ మ్యాప్స్‌లో దారి చెప్పే గొంతును తెలుగులో పెట్టుకోవచ్చు. కుడి, ఎడమ తికమకపడే కొత్తచోట అది మంచి సాయం. కానీ ఊరి పేర్ల విషయంలో చెవిని నమ్ముకోవద్దు. బోర్డు మీద ఆర్-ఈ-ఐ-ఎం-ఎస్ అని ఉన్న ఊరిని అక్కడివారు 'రాఁస్' అంటారు. ఉత్తరాన నార్మండీలో సి-ఏ-ఈ-ఎన్ అనే ఊరు మన అరసున్నతో పలికినట్టు 'కాఁ'. దక్షిణాన సముద్రం ఒడ్డున సినిమా ఉత్సవం జరిగే ఊరు 'కాన్'. విన్నవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి, మధ్యలో దేశమంత దూరం ఉంది. దారిలో వచ్చే నాలుగైదు పెద్ద ఊళ్ల పేర్లను అక్షరాలతో సహా కాగితం మీద రాసుకుని పక్క సీటులోని వారి చేతికివ్వండి.

బోర్డుల రంగులు కూడా తెలిసి ఉండాలి. నీలం రంగు బోర్డు మోటారు రహదారికి, ఆకుపచ్చ పెద్ద ఊళ్లకు పోయే ముఖ్య రహదారికి, తెలుపు స్థానిక దారికి. రోడ్డు నంబరు ముందు ఏ, ఎన్, డి అక్షరాలుంటాయి. 2006 ప్రాంతంలో చాలా జాతీయ రహదారులను జిల్లా యంత్రాంగాలకు బదలాయించారు. అప్పుడు ఎన్ పోయి డి వచ్చింది, కొన్నిచోట్ల నంబరే మారింది. చాలా ఏళ్లుగా పటం కొత్తది చేయని పరికరంలో పాత నంబరే ఉండవచ్చు.

ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు ముట్టుకోవాలి

అక్కడ బండి రోడ్డుకు కుడి వైపున నడుస్తుంది, స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. పరికరాన్ని ఎదుటి రోడ్డుకు అడ్డు రాకుండా, డాష్‌బోర్డు మధ్యలో స్టాండుకు బిగించాలి. స్టాండులో ఉన్న ఫోనును దారి కోసం వాడుకోవచ్చు. నడుపుతూ చేతిలో పట్టుకుంటే 135 యూరోల జరిమానా. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం కూడా 2015 నుంచి నిషిద్ధం.

రోడ్డు మీద బండి ఆపాం కదా అని ఫోను చేతిలోకి తీసుకోవడం కూడా తప్పే. ఇంజను ఆపి ఉన్నా సరే, బండి చెడిపోయిన సందర్భంలో తప్ప మినహాయింపు లేదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2018లో తీర్పిచ్చింది. దారి మార్చుకోవాలంటే పార్కింగు స్థలంలోకో, రహదారి పక్క విశ్రాంతి స్థలంలోకో వెళ్లి ఆగాలి.

కెమెరా హెచ్చరికలు

స్పీడు కెమెరా ఉన్న చోటును ముందే చెప్పే సదుపాయం మన దగ్గర సర్వసాధారణం. ఫ్రాన్సులో అది చట్టవిరుద్ధం. 2012 నుంచి కెమెరా ఉన్న కచ్చితమైన చోటు చూపే పరికరాలు కూడా నిషేధంలోకి వచ్చాయి. జరిమానా 1,500 యూరోల దాకా ఉండవచ్చు, పరికరాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అందుకే అక్కడ అమ్మే పరికరాలు కెమెరా అని చెప్పకుండా 'ప్రమాద ప్రాంతం' అని కొంత పొడవు దారిని మాత్రమే చూపిస్తాయి. ఇక్కడి నుంచి తీసుకువెళ్లే పరికరంలోనూ ఫోను యాప్‌లోనూ కెమెరా హెచ్చరికను విమానం ఎక్కే ముందే ఆపేయండి. జర్మనీలో కూడా నడిపేవారు వాటిని వాడకూడదు. స్విట్జర్లాండులో పరికరాన్ని లాక్కుంటారు. సరిహద్దు దాటే ఆలోచన ఉంటే ఇది మరీ ముఖ్యం.

పరికరం చెప్పని నియమాలు

వేగం: ఊళ్లలో 50, మధ్య గోడ లేని రెండువైపుల రోడ్ల మీద సాధారణంగా 80, మోటారు రహదారి మీద 130 కిలోమీటర్లు. వాన పడుతుంటే 130 కాస్తా 110 అవుతుంది. పారిస్ వీధుల్లో చాలావరకు 30, నగరం చుట్టూ ఉన్న పెరిఫెరిక్ మీద 2024 అక్టోబరు నుంచి 50. ఎర్ర అంచున్న తెల్ల బోర్డు మీద ఊరి పేరు కనిపిస్తే, అంకె ఏమీ రాయకపోయినా అక్కడి నుంచి 50 అమలులోకి వచ్చినట్టే. అదే పేరు మీద అడ్డంగా ఎర్ర గీత ఉంటే ఊరు దాటినట్టు.

కుడివైపు వారికి దారి: వేరే బోర్డు లేని కూడలిలో కుడి చేతి వైపు నుంచి వచ్చే బండికి మనం దారి ఇవ్వాలి, అది సందులోంచి వచ్చినా సరే. తెర మీద మన రోడ్డు ఎంత లావుగా కనిపించినా లాభం లేదు. పసుపు రంగు డైమండు బోర్డు ఉంటే ముందు వెళ్లే హక్కు మనది. దాని మీద గీత ఉంటే ఆ హక్కు అక్కడితో సరి.

రౌండ్ అబౌట్: మన దగ్గరికి భిన్నంగా గడియారానికి ఎదురు దిశలో తిరుగుతారు. సాధారణంగా లోపల ఉన్నవారిదే ముందు హక్కు. పారిస్‌లో విజయ తోరణం చుట్టూ ఉన్న ఎత్వాల్ కూడలిలో మాత్రం లోపలికి వచ్చేవారికే దారి ఇవ్వాలి. కొత్తవారు ఆ కూడలికి పోకుండా దారి పెట్టుకోవడం ఉత్తమం.

టోలు, నిషిద్ధ వీధులు

టోలు గేటు దగ్గర 't' గుర్తు ఒక్కటే ఉన్న వరుస ఎలక్ట్రానిక్ బిళ్ల ఉన్నవారిది. మనం కార్డు గుర్తు గానీ ఆకుపచ్చ బాణం గానీ ఉన్న వరుసలోకి పోవాలి. పారిస్ నుంచి నార్మండీ వైపు పోయే ఏ13, ఏ14 రహదారుల మీద 2024లో గేట్లే తీసేశారు. కెమెరాలు నంబరు ప్లేటు చదువుతాయి. డబ్బు 72 గంటల్లోగా ఆన్‌లైన్‌లో మనమే కట్టాలి. గేటు లేదు కనుక టోలు లేదనుకుంటే జరిమానా వస్తుంది.

పారిస్ నడిబొడ్డున మొదటి నాలుగు వార్డుల్లో 2024 నవంబరు నుంచి దాటిపోయే వాహనాలకు ప్రవేశం లేదు. పరికరం దగ్గరిదారి అని అటు తిప్పినా వెళ్లవద్దు. బస్సుల వరుసలోకి దూరినా 135 యూరోలే. త్వరగా కడితే 90, గడువు దాటితే 375. నోటీసు ముందు అద్దె కంపెనీకి వెళుతుంది. వాళ్లు మన వివరాలు పోలీసులకు అందజేసి, అందుకు సేవా రుసుమును మన కార్డు నుంచి తీసుకోవడం మామూలు. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు ఈ ఖర్చు బయటపడవచ్చు.

సొరంగాలు, కొండలు

సొరంగంలో ఉపగ్రహ సంకేతం అందదు. పారిస్ పడమటి వైపు ఏ86 సొరంగం 10 కిలోమీటర్లు ఉంటుంది. లోపలికి వెళ్లకముందే ఏ నంబరు ద్వారం గుండా బయటికి రావాలో చూసి ఉంచుకోవాలి.

ఆల్ప్స్, పిరనీస్ కనుమలు శీతాకాలంలో మంచుతో మూతపడతాయి. 2,642 మీటర్ల ఎత్తున ఉన్న గాలిబియే కనుమ అలాంటిదే. పరికరం దాని మీదుగా దారి గీసినా, కొండ మొదట్లో 'ఫెర్మే' అని ఉంటే దారి మూసినట్టు. వెనక్కి తిరగడమే. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు కొండ ప్రాంతాల్లో చాలాచోట్ల శీతాకాలపు టైర్లు గానీ గొలుసులు గానీ తప్పనిసరి. కారు తీసుకునేటప్పుడే అడగండి.

ఆపదలో

ఐరోపా అంతటా అత్యవసర నంబరు 112. ఎక్కడున్నారో చెప్పలేకపోతే తెర మీది అక్షాంశ రేఖాంశాలు చదివి వినిపించండి. మోటారు రహదారి మీద బండి ఆగితే పసుపు జాకెట్టు వేసుకుని, అందరూ రోడ్డు పక్క ఇనుప కంచె అవతలికి చేరాలి. అక్కడి నారింజ రంగు ఫోను పెట్టె నుంచి మాట్లాడితే మనం ఉన్న చోటు వాళ్లకు తెలిసిపోతుంది.

బయలుదేరే రోజు చూసుకోవలసినవి

1. నాలుగు కాగితాల మీదా పేరు ఒకేలా ఉందా?
2. పటాలు కొత్తవి దించుకున్నారా? కెమెరా హెచ్చరిక ఆపారా?
3. గమ్యం పోస్టల్ కోడుతో సరిచూశారా?
4. స్టాండు, చార్జరు వైరు పెట్టుకున్నారా?
5. ఊళ్ల పేర్లు, రోడ్డు నంబర్లు రాసిన కాగితం ఉందా?
6. రాత్రంతా విమానంలో కూర్చున్నవారు దిగీ దిగగానే స్టీరింగు పట్టకుండా, ఒక పూట విశ్రాంతికి వీలు చూసుకున్నారా?

ఆరో అంశాన్ని ఏ పరికరమూ గుర్తు చేయదు. ఇంట్లోవాళ్లే చెప్పాలి.