అతుకుల బొంత: తీరిక పేరుతో సాగిన శ్రమ

ఒక నవలలో సన్నివేశాలు కుదురుగా కలవకపోతే మన విమర్శకులు దాన్ని ‘అతుకుల బొంత’ అంటారు. ‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెతలోనూ బొంతకు దక్కింది ఎగతాళే. ఒక వస్తువు పేరు భాషలో తిట్టుగా మారిందంటే, దాన్ని తయారుచేసిన చేతుల్ని సమాజం ఎలా చూసిందో ఆ తిట్టే చెబుతుంది. బొంతలు కుట్టింది ఎవరు? పాత చీరలూ పంచెలూ తప్ప వేరే గుడ్డ లేని ఇళ్ళలోని స్త్రీలు. వాళ్ళ పనికి మన చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకలేదు. సాహిత్య విమర్శలో మాత్రం నిందగా దొరికింది.

బొంత ఎలా తయారవుతుందో చూద్దాం. చిరిగిన నూలు చీరల్ని ఉతికి ఆరేసి, నేల మీద పొరలు పొరలుగా పరుస్తారు. చిరుగులు ఎక్కువున్న గుడ్డ లోపలికి, కాస్త గట్టిది పైకి. ముడతలు లేకుండా నాలుగంచులూ కుట్టి, తర్వాత నడిమికి వరసలుగా సూది పోనిస్తారు. కుట్టు దగ్గరగా పడితే బొంత నిలుస్తుంది. దూరమైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ముద్దకడుతుంది. ఇది లెక్క తెలిసిన పని. మా ఇంట్లో ఎవరికైనా కాన్పు దగ్గరపడుతుందంటే మా అమ్మమ్మ రెండు నెలల ముందే పాత చీరల మూట దించేది. పసిబిడ్డ ఒంటికి కొత్త గుడ్డ గరుకు; ఏళ్ళ తరబడి ఉతికిన నూలే మెత్తన. ఆ బొంతకు ఆమె కూలి లెక్కగట్టలేదు. కట్టాలని ఇంట్లో ఎవరికీ తోచనూ లేదు. నా చర్చ ఇక్కడే మొదలవుతుంది.

అయినవాళ్ళ కోసం చేసే పనికి ధర లేదు గనక అది శ్రమే కాదన్న భావం స్థిరపడింది. ఈ భావాన్ని పెట్టుబడి ఎలా వాడుకుందో తెలుసుకోవటానికి గోదావరి డెల్టా దాటి పోనక్కరలేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక నేర్పారు. క్రమంగా అది విదేశాలకు పోయే సరుకయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర అక్కడ పరిశోధించి 1982లో గ్రంథం వెలువరించింది. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది మరొకరు; ఎగుమతి లాభం వర్తకులది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి దక్కేది పొలం కూలికి వెళ్ళే స్త్రీ సంపాదన కన్నా తక్కువని ఆమె చూపింది. అయినా అల్లే మనిషి కార్మికురాలు కాదట. తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణి! గడప దాటకపోవటమే గౌరవమనుకున్న ఇళ్ళలో ఈ మాట మరీ తేలిగ్గా చెల్లింది. పొలానికి వెళ్ళనవసరం లేదన్న తృప్తినే కూలిలో భాగంగా ఇచ్చారన్నమాట. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకు పేరుకు రక్షణ దొరికింది. అల్లే చేతి కూలికి అది హామీ కాదు.

మరో చరిత్ర కూడా ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ పల్లె ప్రజలు పత్తి తోటల్లో బానిసలైన నల్లజాతివారి సంతతి. 1932లో చనిపోయిన ఒక వర్తకుడి వారసులు బాకీల కింద వాళ్ళ పశువుల్నీ పనిముట్లనూ తిండిగింజల్నీ తీసుకుపోయారు. ఆ ఊళ్ళో 1942లో మిసోరీ పెట్‌వే, చనిపోయిన భర్త పని బట్టల్ని కోసి, కూతురు ఆర్లోంజియా సాయంతో బొంత కుట్టింది. అతన్ని తలచుకుంటూ కప్పుకోవటానికే కుట్టింది, అమ్మటానికి కాదు. ఓటు హక్కు కోసం నిలబడి భూమీ పనీ పోగొట్టుకున్న కుటుంబాలున్న ఆ ప్రాంతంలోనే 1966లో స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘంగా ఏర్పడ్డారు. నరసాపురంలో ఏ ఇంటికా ఇల్లుగా విడిపోయిన చేతులు ఇక్కడ కలిశాయి. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియంల గోడలకెక్కాయి. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళతో పోల్చారు. పోల్చటం తప్పు కాదు. కానీ గోడకెక్కేదాకా అది కళ అని తోచకపోవటం ఎవరి లోపం?

పేదరికాన్ని కీర్తించమని నేననటం లేదు. బొంత లేమి నుంచి పుట్టింది. కంబళి కొనలేని చలికి అది జవాబు. లేమిని ముచ్చటగా వర్ణించి ఊరుకుంటే అది ప్రజాసాహిత్యం కాదు. అలాగని అందులోని ఆలోచనను కాదనటమూ అన్యాయమే. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడాలో ఎంచుకోవటంలో ఆ స్త్రీ రుచీ జ్ఞాపకమూ మమకారమూ పనిచేశాయి. ఇంకొకరు ఇచ్చిన నమూనా ప్రకారం పువ్వుకింతని అల్లే స్త్రీకి ఆ స్వేచ్ఛ లేదు. ఒకచోట చేసినది తనదే, మరోచోట చేసినది దళారిది. రెండు చోట్లా ఆమె శ్రమకు పెట్టిన పేరు మాత్రం ఒకటే: తీరిక.

సింథటిక్ చీరలు బొంతకు పనికిరావు. అవి చెమట పీల్చవు. మిల్లు దుప్పట్లు చవకగా దొరుకుతున్నాయి. బొంత పోతున్నదని కన్నీరు కార్చటం కన్నా దాని చరిత్ర రాసుకోవటం మేలు. రచయితలూ సాహిత్య విద్యార్థులూ ఇంట్లో మిగిలిన బొంతను ముందు పెట్టుకుని, కుట్టిన మనిషి బతికుండగానే మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఎవరి చీర? ఎవరి పురిటికి కుట్టావు? ఆ రోజు ఏయే పనులు ముగించుకుని వచ్చి సూది పట్టావు? మూడో ప్రశ్నకు జవాబు రాసుకున్నాక, తీరిక అన్న మాట మన వ్యాసాల్లో ఇక నిలవదు.