అవసరం తీరిన తర్వాత: ఎడోమాయె సుషిలో సంప్రదాయ స్వరూపం

సుషి వంటవాడు సంప్రదాయానికీ కొత్తదనానికీ మధ్య తూకం పాటిస్తాడని అనడం పరిపాటి. ఈ మాట చరిత్రకు సరిపోదు: నేటి సంప్రదాయమే ఒకనాటి కొత్తదనం. బీవా సరస్సు ప్రాంతంలో నేటికీ చేసే ఫునజుషిలో ఉప్పు పట్టించిన చేపను అన్నంలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా పులియబెడతారు. తినేది ముఖ్యంగా చేపనే. 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, వ్యాపించిన నిగిరి, అంటే చేతితో ఒత్తిన సుషి, ఆ నిరీక్షణను తీసేసింది. పులుపు వెనిగర్ నుంచి వచ్చింది, ముద్ద అప్పటికప్పుడు చేతిలో తయారైంది. ఆ ఘనతను హనాయా యోహెయి అనే వంటవాడికి ఆపాదించడం ఆనవాయితీ. నేడు శిష్ట సంప్రదాయంగా గౌరవం పొందుతున్న ఎడోమాయె (ఎడో శైలి) సుషి, ఆ రోజుల్లో తొందరపడే నగరవాసుల చిరుతిండి.

చేపను చల్లగా నిలవ ఉంచే వీలు లేని ఆ కాలంలో కొహాదా అనే చిన్న చేపకు ఉప్పు, వెనిగర్ పట్టించేవారు, ట్యూనాను సోయా సాస్‌లో నానబెట్టేవారు. చేప పాడవకుండా కాపాడుకోవడానికి అదే దారి. ఫ్రిజ్ వచ్చాక ఆ అక్కర తీరింది. ఒకప్పుడు త్వరగా చెడుతుందని చులకనగా చూసిన ట్యూనా పొట్టభాగం, తోరో, అత్యంత ఖరీదైన ముక్కగా మారింది. అయినా కొహాదాకు ఉప్పు పట్టించడం ఆగలేదు. ఉప్పు చేపలోని నీటిని లాగి కండను బిగిస్తుంది, వెనిగర్ నీచును తగ్గించి చేపను పుల్లటి అన్నానికి దగ్గర చేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా మనం ఆవకాయ పెట్టుకోవడం వంటిదే ఇదీ. నిలవ కోసం పుట్టిన పని రుచి కోసం బతికింది. ఫ్రిజ్‌కు ముందు అది గత్యంతరం లేక చేసిన పని, తర్వాత అది వంటవాడి నిర్ణయం. కనుక ఎడోమాయె వంటవాడు పాటించే సంప్రదాయం, ఆ మాటకు పూర్తి అర్థంలో, ఆధునికమైనదే. సంప్రదాయానికి ప్రతీకగా పేరొందిన సుషి వంటవాడు ఒనో జిరో సైతం, పొద్దున్నే రొయ్యను ఉడికించి పెట్టే పద్ధతిని వదిలి, అతిథి వచ్చే వేళకు ఉడికించడం మొదలుపెట్టారు. శ్రమ పెరిగింది, రుచి మారింది, పద్ధతి మాత్రం చెడలేదు.

అలాగైతే ఏ మార్పునైనా సంప్రదాయమనవచ్చునా అని ఆక్షేపించవచ్చు. అనలేము. చేపకూ అన్నానికీ జత కుదిర్చే పని జరిగిందా అన్నది గీటురాయి. 1941లో టోక్యోలోని గింజాలో క్యూబేయ్ అనే సుషి దుకాణంలో రూపొందిందని చెప్పే గుంకన్ సుషి, జారిపోయే చేపగుడ్లకు నోరి (సముద్రపు నాచు రేకు) గోడ కట్టి ఈ పరీక్ష నెగ్గింది. 1980ల నుంచి నార్వే ప్రోత్సహించిన పచ్చి సాల్మన్‌ను విదేశీయమని తోసిపుచ్చడం అన్యాయం. దాన్ని అన్నంపై ఊరికే పరిచినప్పుడు లోపించేది స్వదేశీయత కాదు, పని.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది: ఇంత శ్రమను మెచ్చుకోవడం సంపన్నుల కౌంటర్లను మెచ్చుకోవడమే కదా? 1958లో ఒసాకా ప్రాంతంలో షిరాయిషి యోషియాకి ప్రారంభించిన తిరిగే బెల్టు దుకాణం సుషిని మళ్లీ సామాన్యుడికి అందించింది. వీధి తిండిగా మొదలైన దానికి ఆ మార్పు ద్రోహమనడానికి నాకు ఆధారం కనబడదు. పైగా అటువంటి దుకాణాల పళ్లేలలోనూ ఉప్పు, వెనిగర్ పట్టించిన సాబా (మాకెరెల్ చేప) తిరుగుతూనే ఉంది. కాబట్టి వంటవాడి పనిని ధరతో కాక, చేపకు అతడు చేసినదానితోనే కొలవాలి.