టైలర్, రాల్ఫ్ విన్‌ఫ్రెడ్ (1902–1994)

అమెరికా విద్యాశాస్త్రవేత్త. షికాగో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర ఆచార్యుడుగా, ఆ శాఖ అధ్యక్షుడుగా, విశ్వవిద్యాలయ పరీక్షాధికారిగా, సాంఘిక శాస్త్రాల పోస్టుగ్రాడ్యుయేట్ విభాగానికి డీన్‌గా పనిచేశాడు. మన బి.ఎడ్., ఎం.ఎడ్. విద్యార్థులకు ‘టైలర్ నమూనా’ కర్తగా పరిచితుడు. ఆ నమూనాలోని నాలుగు ప్రశ్నలతోనే ఆయన పేరు ముడిపడిపోయింది గాని, ఆయన జీవితంలో అధికభాగం పరీక్షలు రూపొందించడంలో, విద్యాసంస్థలు నడపడంలో గడిచింది. ఆ ప్రశ్నలు పుట్టింది కూడా ఆ పనిలోంచే.

1902 ఏప్రిల్ 22న షికాగోలో జన్మించాడు. తండ్రి వైద్యవృత్తి వదిలి క్రైస్తవ మతబోధకుడయ్యాడు. బాల్యం నెబ్రాస్కా రాష్ట్రంలో గడిచింది. అక్కడి డోన్ కళాశాలలో 1921లో, 19వ ఏట పట్టభద్రుడై, దక్షిణ డకోటా రాజధాని పియర్‌లో హైస్కూలు సైన్సు మాస్టరుగా ఉద్యోగం మొదలుపెట్టాడు. 1923లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ., 1927లో షికాగో నుంచి పిహెచ్.డి. పొందాడు. ఉపాధ్యాయ శిక్షణలో ఏ పనులు నేర్పాలో తేల్చడానికి నిపుణుల అభిప్రాయాలను గణాంక పద్ధతిలో ఎలా వాడుకోవాలన్నది ఆయన సిద్ధాంత వ్యాసపు విషయం. తర్వాత రెండేళ్లు ఉత్తర కరొలినా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు.

1929లో డబ్ల్యు.డబ్ల్యు. చార్టర్స్ పిలుపు మీద ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలోని విద్యా పరిశోధన సంస్థకు వెళ్లాడు. విశ్వవిద్యాలయంలోని ఇతర శాఖల అధ్యాపకులకు బోధనలో, పరీక్షల్లో తోడ్పడడం అక్కడ ఆయన బాధ్యత. జంతుశాస్త్రం అధ్యాపకులతో కూర్చున్నప్పుడు ఆయన మొదట అడిగింది ప్రశ్నపత్రం కాదు. ఈ కోర్సు పూర్తిచేసిన విద్యార్థి ఏమి చేయగలగాలని మీరు కోరుకుంటున్నారని అడిగాడు. కొత్త ప్రయోగ ఫలితాన్ని చూసి అర్థం చెప్పగలగాలి, తెలిసిన సూత్రాన్ని తెలియని సందర్భానికి వర్తింపజేయగలగాలి అని వాళ్లు చెప్పారు. వాళ్ల ప్రశ్నపత్రాలు మాత్రం ఎక్కువగా అవయవాల పేర్లే అడిగేవి. కోర్సు ముగిసిన చాలా నెలలకు అదే విద్యార్థులను మళ్లీ పరీక్షిస్తే, బట్టీపట్టిన పేర్లు చాలావరకు మరచిపోయారు. కొత్త ప్రయోగాలకు అర్థం చెప్పే శక్తి మాత్రం చెక్కుచెదరలేదు. చిన్నదిగా కనబడే ఈ పరిశీలన ఆయన తర్వాతి కృషి అంతటికీ పునాది. అధ్యాపకులతో కలిసి చేసిన ఈ పనికి సంబంధించిన వ్యాసాలు 1934లో ‘కన్‌స్ట్రక్టింగ్ అచీవ్‌మెంట్ టెస్ట్స్’ అనే గ్రంథంగా వెలువడ్డాయి.

ఆయనకు దేశవ్యాప్త ప్రఖ్యాతి తెచ్చింది ‘ఎనిమిదేళ్ల అధ్యయనం’. కాలేజీ ప్రవేశ నిబంధనల చుట్టూ హైస్కూలు చదువు బిగుసుకుపోయిందని ప్రోగ్రెసివ్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ 1930లో ఒక సంఘం నియమించింది. దాని డైరెక్టరు విల్‌ఫర్డ్ ఐకిన్. 30 పాఠశాలలను ఎంపిక చేశారు. ఆ పిల్లలను మామూలు ప్రవేశ నిబంధనలు లేకుండానే, ప్రధానోపాధ్యాయుల సిఫారసు మీద చేర్చుకుంటామని 300కు పైగా కాలేజీలు అంగీకరించాయి. దానితో పాఠశాలలు తమ పాఠ్యప్రణాళికను తామే తీర్చిదిద్దుకునే స్వేచ్ఛ పొందాయి. తీరా ప్రగతిని కొలవవలసి వచ్చేసరికి పాత తరహా పరీక్షలే ముందుకొచ్చాయి. మేము నేర్పుతున్నది ఒకటి, మీరు కొలిచేది మరొకటి అని పాఠశాలలు ఎదురుతిరిగాయి. పథకం నుంచి తప్పుకుంటామనే దాకా వ్యవహారం వచ్చింది. ఒహైయో స్టేట్ తత్త్వవేత్త బోయిడ్ బోడ్ సూచనపై 1934లో మూల్యాంకన బాధ్యత టైలర్‌కు అప్పగించారు. అప్పటికి ఆయనకు ముప్ఫై రెండేళ్లు.

ఆయన బృందం తయారుచేసిన పరీక్షల్లో ఒకదాన్ని దగ్గరగా చూడవచ్చు. విద్యార్థికి ఒక పట్టికనో గ్రాఫునో ఇస్తారు. కింద కొన్ని వాక్యాలుంటాయి. ఇచ్చిన దత్తాంశం ప్రకారం ఒక్కో వాక్యం నిజమా, నిజం కావచ్చా, తేల్చడానికి ఆధారం చాలదా, తప్పు కావచ్చా, తప్పేనా – ఈ అయిదింటిలో ఒకటి గుర్తించాలి. మార్కులన్నీ కూడి ఒక్క అంకె ఇచ్చి ఊరుకోరు. ఆధారానికి మించి తొందరపడి తేల్చేసే అలవాటు పిల్లవాడికి ఎంత ఉంది, ఆధారం ఉన్నా వెనకాడే గుణం ఎంత ఉంది అన్నవి విడివిడిగా లెక్కగడతారు. మాస్టరుకు కావలసింది సరిగ్గా ఈ సమాచారమే: ఏ పిల్లవాడికి ఎక్కడ సాయం కావాలో ఇది చెబుతుంది. ఆలోచనాశక్తితోపాటు అభిరుచులను, సాంఘిక దృక్పథాలను, కళాస్వాదనను అంచనా వేసే సాధనాలు కూడా ఈ బృందం తయారుచేసింది. హిల్డా టాబా, లూయీ రాత్స్, బెంజమిన్ బ్లూమ్ వంటి యువ పరిశోధకులు ఇందులో పనిచేశారు. తర్వాతి తరం విద్యాశాస్త్రాన్ని నడిపించినవారిలో వీరు ముఖ్యులు.

కాలేజీలో చేరిన పిల్లలను వేరే బృందం వెంబడించి పరిశీలించింది. ప్రయోగ పాఠశాలల నుంచి వచ్చిన ఒక్కొక్కరికి వయసులో, ప్రతిభలో, ఇంటి నేపథ్యంలో సరితూగే మరో విద్యార్థిని మామూలు పాఠశాలల నుంచి ఎంచి, 1,475 జతలు కూర్చారు. ప్రయోగ పాఠశాలల పిల్లలు మార్కుల్లో వెనకబడలేదు, కాస్త ముందే ఉన్నారు. పాత పద్ధతుల నుంచి ఎక్కువ దూరం జరిగిన పాఠశాలల పిల్లలు ఇంకా బాగా రాణించారు. 1942–43లో నివేదిక అయిదు సంపుటాలుగా వచ్చింది. మూడో సంపుటాన్ని యూజీన్ స్మిత్‌తో కలిసి టైలర్ రాశాడు. అప్పటికే దేశం యుద్ధంలో మునిగి ఉండడంతో ఇంత విలువైన నివేదికకు దక్కవలసిన చర్చ దక్కలేదు.

1938లో అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ ఆహ్వానంపై షికాగోకు తిరిగి వెళ్లి, తాను చదివిన శాఖకే చార్లెస్ జడ్ తర్వాత అధ్యక్షుడయ్యాడు. దానితోపాటు పరీక్షాధికారి పదవి కూడా చేపట్టాడు. షికాగో కళాశాలలో అప్పుడు పాఠం చెప్పిన అధ్యాపకుడు తుది మార్కులు వేసేవాడు కాదు. పరీక్షల విభాగం నిర్వహించే సమగ్ర పరీక్షే ఫలితాన్ని నిర్ణయించేది. కనుక ఆ విభాగంలో కూర్చున్నవారు ప్రతి కోర్సు లక్ష్యాలనూ అధ్యాపకులతో విడమరచి చర్చించక తప్పేది కాదు. యుద్ధకాలంలో సైనికుల చదువుకు, వారి పరీక్షలకు సంబంధించిన బాధ్యతలూ ఆయనపై పడ్డాయి.

1948 నుంచి 1953 వరకు సాంఘిక శాస్త్రాల విభాగానికి డీన్‌గా ఉన్నాడు. షికాగోలో ‘డివిజన్’ అంటే పి.జి., పరిశోధన స్థాయి చదువులు చూసే విభాగం. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, చరిత్ర, రాజనీతిశాస్త్రం, మనస్తత్వశాస్త్రాలతోపాటు విద్యాశాస్త్రం కూడా దాని కిందే ఉండేది. శాఖల గోడలు దాటి పరిశోధకులను కలిపే ‘మానవ వికాసం’, ‘సామాజిక చింతన’ వంటి సమితులకు ఈ విభాగం నిలయం. విద్యాశాస్త్రం నుంచి వచ్చిన మనిషి చేతిలో అంత బలమైన విభాగం ఉండడం గౌరవప్రదమైన విశేషం. పాలన మధ్యలోనూ ఆయన పాఠం చెప్పడం, పరిశోధకులకు దారి చూపడం మానలేదు. లీ క్రాన్‌బాక్, జాన్ గుడ్‌లాడ్ ఆయన విద్యాశాస్త్ర శాఖలో డాక్టరేట్ చేసినవారే.

‘ఎడ్యుకేషన్ 360’ అనే కోర్సుకు తయారుచేసుకున్న బోధన పత్రమే 1949లో ‘బేసిక్ ప్రిన్సిపల్స్ ఆఫ్ కరికులమ్ అండ్ ఇన్‌స్ట్రక్షన్’ అనే పుస్తకమైంది. 128 పేజీలు. పాఠశాల ఏ విద్యా లక్ష్యాలు సాధించాలి, వాటికి ఏ అభ్యసన అనుభవాలు తోడ్పడతాయి, ఆ అనుభవాలను ఎలా క్రమబద్ధం చేయాలి, లక్ష్యాలు నెరవేరాయో లేదో ఎలా తెలుసుకోవాలి – ఇవీ అందులోని నాలుగు ప్రశ్నలు. లక్ష్యాలను విద్యార్థుల అవసరాల నుంచి, సమకాలీన జీవితం నుంచి, విషయ నిపుణుల సూచనల నుంచి సేకరించి, తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అనే రెండు జల్లెడల్లో పోసి వడగట్టాలన్నాడు. జవాబులు ఆయన ఇవ్వలేదు. ఏ పాఠశాల జవాబులు ఆ పాఠశాలే వెతుక్కోవాలన్నది ఆయన అభిమతం. లక్ష్యాలు ముందే బిగించేస్తే బోధన యాంత్రికమవుతుందని 1970లో హెర్బర్ట్ క్లీబార్డ్ గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శలో బలం ఉంది. అయితే అది టైలర్ కంటే, ఆయన పేరు చెప్పి లక్ష్యాల జాబితాలు పెంచుకుంటూ పోయినవారికే ఎక్కువగా వర్తిస్తుంది.

ఫోర్డ్ ఫౌండేషన్ నిధులతో స్టాన్‌ఫర్డ్ దగ్గరి కొండమీద 1954లో తెరిచిన ప్రవర్తనా శాస్త్రాల ఉన్నత అధ్యయన కేంద్రానికి తొలి డైరెక్టరు టైలరే. 1967 దాకా దాన్ని నడిపాడు. ఏడాదిపాటు పాఠాలు, కమిటీలు లేకుండా పండితులు తమ పని చేసుకునే చోటు అది. థామస్ కూన్ 1958–59లో అక్కడ గడిపిన కాలం విజ్ఞాన విప్లవాలపై ఆయన రాసిన గ్రంథానికి ఎంతో ఉపకరించింది. 1965లో ఏర్పడిన అమెరికా జాతీయ విద్యా అకాడమీకి కూడా మొదటి అధ్యక్షుడు టైలరే.

దేశంలో పిల్లలు ఏమి నేర్చుకుంటున్నారో ఎవరికీ తెలియదన్న సమస్యను 1963లో విద్యా కమిషనర్ ఫ్రాన్సిస్ కెపెల్ ఆయన ముందు పెట్టాడు. మరుసటి ఏడు ఏర్పడిన అన్వేషక సంఘానికి టైలర్ అధ్యక్షుడు; గణాంక సలహాదారు జాన్ టూకీ. పాఠశాలలను పోల్చి తప్పు పట్టడానికే ఇదంతా అని నిర్వాహకులు అడ్డుపడ్డారు. ఏ విద్యార్థి పేరు, ఏ పాఠశాల పేరు బయటికి రాకుండా, దేశం మొత్తానికి, ప్రాంతాలకు మాత్రమే ఫలితాలు ప్రకటించేలా నమూనా పద్ధతి రూపొందించి ఆ భయం తీర్చారు. 1969లో మొదలైన ఈ జాతీయ విద్యాప్రగతి అంచనా నేటికీ సాగుతోంది.

పదవీ విరమణ తర్వాత కూడా సలహాదారుగా, అతిథి ఆచార్యుడుగా తిరుగుతూనే ఉండి, 1994 ఫిబ్రవరి 18న శాన్ డియేగోలో మరణించాడు.

భారతదేశానికి ఆయన ప్రభావం శిష్యుడు బ్లూమ్ ద్వారా చేరింది. 1956లో వెలువడిన తన విద్యా లక్ష్యాల వర్గీకరణను బ్లూమ్, ఆయన సహచరులు టైలర్‌కే అంకితమిచ్చారు. మరుసటి ఏడు అఖిల భారత మాధ్యమిక విద్యా మండలి ఆహ్వానంపై బ్లూమ్ ఇక్కడికి వచ్చి, పరీక్షల సంస్కరణపై ఉపాధ్యాయులతో వర్క్‌షాపులు జరిపాడు. 1958లో కేంద్ర పరీక్షా విభాగం ఏర్పడింది; దాని అధికారులు షికాగోలో బ్లూమ్ దగ్గర శిక్షణ పొందారు. తెలుగు నేలపై శిక్షణ కళాశాలల్లో తరతరాలుగా రాస్తున్న పాఠ్యపథకంలోని ‘లక్ష్యాలు – స్పష్టీకరణలు’ అనే గడి, జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అనే విభజన, ప్రశ్నపత్రం ముందు వేసే భారత్వ పట్టిక, బ్లూప్రింటు ఆ వరుసలో మనకు చేరినవే.