దస్తర్‌ఖాన్ మీద మా చోటు

చదువుకున్న ముస్లింలు కొందరు పేరు చివర 'అలీగ్' అని రాసుకుంటారు. అది ఇంటిపేరు కాదు, డిగ్రీ కాదు. అలీగఢ్‌లో చదివామని చెప్పుకోవడం. ఆ ఒక్క మాట చూసి, ముక్కూమొహం తెలియని ఇంకో అలీగ్ ఇంటికి పిలిచి అన్నం పెడతాడు, తెలిసినచోట నాలుగు మాటలు చెప్పి పని ఇప్పిస్తాడు. దాన్ని బిరాదరీ అంటారు. పెద్దముడియం వైపు, కుందూ పక్క నల్లరేగడి పల్లెల వాళ్ళం మేము. మాకు ఆ బిరాదరీతో ఏం పని అని మీరు అడగొచ్చు. ముస్లింల ఆధునిక చరిత్ర అని ఎవరు పుస్తకం తెరిచినా అలీగఢ్ దగ్గరే తెరుస్తారు. అందులో మేమెక్కడున్నామో మాత్రం చెప్పరు. అందుకే మేమే అడగాల్సి వచ్చింది.

మాకూ ఒక బిరాదరీ ఉంది. ఊళ్ళో మమ్మల్ని సాయిబులంటారు. మామా అంటారు, అబ్బీ అంటారు. పీర్ల పండక్కి మొక్కున్నవాళ్ళు ఫకీర్లయి ఇంటింటికీ పోయి అడుక్కుంటారు. వాళ్ళలో మావాళ్ళే కాదు, అన్ని కులాలవాళ్ళూ ఉంటారు. ఈ వరసలకు ఎవరూ నియమాలు రాయలేదు. అలీగఢ్ బిరాదరీ అట్లా పుట్టింది కాదు. గోడ కట్టినట్టు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టింది.

1857 తర్వాత ఉత్తరాది ముస్లిం కులీన కుటుంబాలు చితికిపోయాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869-70లో ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జి చూసి వచ్చారు. అక్కడి పాఠాల కంటే, పిల్లలు ఒకేచోట ఉండి, తిని, ఆడి, వాదించుకుని పెరిగే పద్ధతి ఆయన్ని పట్టుకుంది. 1875లో అలీగఢ్‌లో స్కూలు తెరిచారు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీకి పునాదిరాయి వేశాడు. ఆ కాలేజీ నుంచి మొదట డిగ్రీ పట్టా తీసుకున్నవాడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందువు. చందాలిచ్చినవాళ్ళలో పటియాలా మహారాజా ఉన్నాడు. మన సెక్యులర్ మిత్రులకే కాదు, మనవాళ్ళకూ ఇది గుర్తుచెయ్యాలి.

కాలేజీ అసలు గుండెకాయ బోర్డింగ్ హౌస్. షియా పిల్లలకూ సున్నీ పిల్లలకూ మతపాఠాలు వేరు, భోజనం మాత్రం ఒకే హాల్లో. నల్లకోటు, ఎర్ర తుర్కీ టోపీ వేసుకుంటే ఎవడు ఏ జిల్లావాడో తెలియదు. 1883లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన థియొడోర్ బెక్ కేంబ్రిడ్జి యూనియన్‌కు అధ్యక్షుడిగా చేసినవాడు. మరుసటి ఏడే ఇక్కడా వాదోపవాదాలకు సిడన్స్ యూనియన్ క్లబ్బు లేచింది. తర్వాత్తర్వాత కోటు పోయి నల్ల షేర్వానీ వచ్చింది. జూనియర్ ముందుగా సలాం చెయ్యాలి. టీకొట్టులో జూనియర్ పక్కనుంటే డబ్బులు సీనియరే ఇవ్వాలి. ఈ ఆచారం మాకు బాగా నచ్చుతుంది. సలాం చేయించుకునే అధికారం కొత్తపిల్లల్ని సతాయించే దాకా పోతే మాత్రం, దానికి తహజీబ్ అని ఎంత అందమైన పేరు పెట్టినా నొప్పి తగ్గదు. అక్టోబర్ 17 సర్ సయ్యద్ పుట్టినరోజు. అలీగ్‌లు ఏ దేశంలో ఉన్నా ఆరోజు విందు చేసుకుంటారు, మజాజ్ 1936లో రాసిన కవితను తరానాగా పాడుకుంటారు.

ఇదంతా ఒక ఎత్తు. 1890లో పెట్టిన అంజుమన్ అల్ ఫర్జ్ ఒక ఎత్తు. ఫర్జ్ అంటే విధి. అందరూ డ్యూటీ సొసైటీ అంటారు. సాహిబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్, ఆయన తోటి విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. పేద విద్యార్థుల కోసం చందాలు పోగుచెయ్యడం దీని పని. సెలవులిస్తే ఊళ్ళు తిరగాలి, ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు చెయ్యి చాచాలి. షరీఫ్ ఇంటి బిడ్డకు చెయ్యి చాచడం కంటే చిన్నతనం ఇంకోటి లేదు. ఆ చిన్నతనాన్నే ఈ కుర్రాళ్ళు గౌరవం చేసుకున్నారు. పీర్ల పండక్కి ఫకీరు జోలె పట్టే మా ఊరివాళ్ళకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ తర్వాత కేంబ్రిడ్జిలో చదివి, 1924లో అదే అలీగఢ్‌కు వైస్ చాన్సలర్ అయ్యారు. డ్యూటీ సొసైటీ ఇప్పటికీ ఉంది, పేద విద్యార్థులను ఇప్పటికీ ఆదుకుంటోంది.

మరి ఆ పేద విద్యార్థి ఎవరు? మా పేచీ ఇక్కడే. చితికిపోయిన షరీఫ్ ఇంటి పేదవాడా, తరతరాలుగా మగ్గం గుంటలో కూచున్న జులాహా బిడ్డా? 1887 డిసెంబర్లో సర్ సయ్యద్ లక్నోలో మాట్లాడారు. కింది కులంలో పుట్టినవాడు, బి.ఏ., ఎం.ఏ. చదివినవాడే కావచ్చు, తమ మీద అధికారం చేస్తే కులీనులు సహిస్తారా అన్నది ఆయన ప్రశ్న. సహించరన్నది ఆయన జవాబు. కాంగ్రెస్‌ను వ్యతిరేకిస్తూ అన్నమాట అని సర్దుకోవచ్చు. కానీ బిరాదరీ తలుపు ఎంత వెడల్పో ఆ మాటలో తెలిసిపోయింది.

మా వైపు ఆ తలుపు బయట నిలబడ్డవాళ్ళు దూదేకులోళ్ళు. దూది ఏకడం వృత్తి. ఇంట్లో తెలుగే. పేర్లు హుస్సేనప్ప, మస్తానమ్మ. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య దూదేకుల బిడ్డే. హిందువులకు వాళ్ళు తురకలు, ఉర్దూ సాయిబులకు సగం తురకలు. మసీదులో ఒకే వరసలో నిలబడతాం, పిల్లనిచ్చేటప్పుడు వేరే వరస వెతుక్కుంటాం. అలీగఢ్‌ను తప్పుపట్టే ముందు ఈ మాట మా నోటితో మేమే చెప్పుకోవాలి.

అలీగఢ్ గాలి మా రాయలసీమ మీదికి డాక్టర్ అబ్దుల్ హఖ్‌తో వీచింది. ఆయన 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ పెట్టారు. అలీగఢ్‌లో ప్రో వైస్ చాన్సలర్‌గానూ పనిచేశారు. దక్షిణాది సర్ సయ్యద్ అని ఆయన్ని పిలుచుకుంటారు. దేశం రెండు ముక్కలైన ఏడాది, ముస్లింలంటేనే అనుమానంగా చూస్తున్న రోజుల్లో, అన్ని మతాల పిల్లలూ చదువుకునే కాలేజీ పెట్టడం చిన్న సంగతి కాదు. అనుమానానికి అలీగఢ్ కూడా కారణమే. 1945-46 ఎన్నికల్లో అక్కడి విద్యార్థులు ముస్లిం లీగ్ జెండా పట్టుకుని తిరిగారు. దాచాల్సిన పని లేదు. అయితే 1920లో గాంధీ, అలీ సోదరుల పిలుపు విని, ఆ కాలేజీలోంచి బయటికొచ్చి జామియా మిల్లియా పెట్టినవాళ్ళూ ఆ బిరాదరీ బిడ్డలే. వాళ్ళలో ఒకరు హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్. మొదటిది పాఠం చెప్పేవాళ్ళు రెండోది ఎందుకు మర్చిపోతారో మాకు అర్థం కాదు.

అమెరికా కాలేజీల్లోనూ ఇట్లాంటి సోదర సంఘాలున్నాయి. గ్రీకు అక్షరాలు పేర్లుగా పెట్టుకుంటారు. తెల్లవాళ్ళ సంఘాల్లో చోటులేని నల్ల విద్యార్థులు ఏడుగురు 1906 డిసెంబర్ 4న కార్నెల్ యూనివర్సిటీలో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ తర్వాతి రోజుల్లో అందులో సభ్యుడు. అది గెంటివేయబడ్డవాళ్ళు కట్టుకున్న ఇల్లు. అలీగఢ్ పోయిన దర్జాను వెతుక్కుంటూ కట్టిన ఇల్లు. రెంటినీ ఒకే గాట కట్టలేం. దూదేకులోళ్ళ పిల్లలు కట్టుకోవాల్సింది మొదటి రకం ఇల్లు.

ఆడవాళ్ళ సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. బిరాదరీ అన్నమాటలోనే వాళ్ళు లేరు. షేక్ అబ్దుల్లా, వహీద్ జహాన్ బేగం 1906లో ఆడపిల్లల బడి పెట్టేదాకా అలీగఢ్‌లో వాళ్ళకు చదువు లేదు. 1920లో యూనివర్సిటీ అయినప్పుడు మొదటి చాన్సలర్ భోపాల్ సుల్తాన్ జహాన్ బేగం. ఒక మహిళ వైస్ చాన్సలర్ కావడానికి మాత్రం 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ యూనివర్సిటీ కావాలంటే ముందు 30 లక్షలు పోగుచెయ్యమంది బ్రిటిష్ ప్రభుత్వం. నవాబులు పెద్ద మొత్తాలిచ్చారు, మామూలు జనం చిల్లరిచ్చారు. అయినా 1967లో సుప్రీంకోర్టు, దాన్ని స్థాపించింది ముస్లింలు కాదు, చట్టం అంది. 2024 నవంబర్ 8న ఏడుగురు జడ్జీల ధర్మాసనం నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు అయి ఆ తీర్పును పక్కనపెట్టింది. ఎవరు స్థాపించారో తేల్చే పనిని ఇంకో ధర్మాసనానికి వదిలింది. ముస్లింలే స్థాపించారని మేమూ అంటాం. అన్నవెంటనే, ముస్లింలలో ఎవరు అని కూడా అడుగుతాం.

ఆ ప్రశ్నను మన రాష్ట్రంలో చట్టమే ఒకసారి అడిగింది. దూదేకులోళ్ళు ముందునుంచీ బి.సి. 'బి'లో ఉన్నారు. 2007లో మిగతా పేద ముస్లిం కులాలకు బి.సి. 'ఇ' కింద 4 శాతం ఇస్తూ, సయ్యద్‌లు, మొగలులు, పఠాన్లకు ఇది వర్తించదని పేర్లు పెట్టి రాసింది. అలీగఢ్ తొలి బోర్డింగ్ హౌస్‌లో సయ్యద్‌లు, పఠాన్లు కిక్కిరిసి ఉండేవాళ్ళు.