ఒకనాటి గురువే శిష్యుడైతే: ఒక వాక్యానికి వ్యాఖ్య

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మంత్రాలయ రాఘవేంద్రస్వామి అంటే రాయరే. ఆయన గురించి భక్తులు నమ్మే ఎన్నో జన్మల కథను నేను ఒక్క వాక్యంలో పెట్టుకున్నాను: 'ఒకనాటి గురువే మరుజన్మలో తన శిష్యుని పాదాల చెంత కూర్చుంటాడు.' ఈ వాక్యానికి పదం పదానా అర్థం చెప్పుకుందాం.

ఒకనాటి: మధ్వ సంప్రదాయంలో ఈ లెక్క కృతయుగంలోనే మొదలవుతుంది. బ్రహ్మ కొలువులోని శంకుకర్ణుడు శాపవశాన ప్రహ్లాదుడై పుట్టాడు. తర్వాత బాహ్లికుడు, ఆ తర్వాత విజయనగర కాలపు వ్యాసరాయలు, చివరికి రాఘవేంద్రులు. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ మంచి పంట ఊళ్ళు ఇస్తానన్నా రాయరు ఒప్పుకోలేదట. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాలే కావాలన్నారట. ప్రహ్లాదుడిగా తాను యజ్ఞం చేసిన నేల అదేనన్నది ఆయన చెప్పిన కారణం. ఆ మంచాలే నేటి మంత్రాలయం.

గురువే: ప్రహ్లాదుడికి గురువు నారదుడు. తల్లి కయాధువు నారదుడి ఆశ్రమంలో ఉండగా, కడుపులో ఉన్న బిడ్డ ఆ బోధ విన్నాడు. పుట్టకముందే ఈ శిష్యుడికి గురువు దొరికాడు.

మరుజన్మలో: మధ్వుల ద్వైతంలో ప్రతి జీవుడూ వేరు. ముక్తిలో కూడా ఒకరిలో ఒకరు కలిసిపోరు. కాబట్టి ప్రహ్లాదుడే వ్యాసరాయలంటే పోలిక కోసం అన్న మాట కాదు, ఆ జీవుడే ఈ జీవుడని అర్థం. క్రైస్తవ సంఘాలు ఇలాంటి పునర్జన్మను ఒప్పుకోవు. మనుష్యులు ఒక్కసారే చనిపోతారని, ఆ తర్వాత తీర్పని హెబ్రీ పత్రిక చెబుతుంది. ఆ కట్టుబాటును గౌరవిస్తూనే, అదే బైబిలును మరోలా చదివినవాళ్ళ మాట కూడా వినాలి.

తన శిష్యుని: అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఏలీయా ప్రవక్త, పొలం దున్నుతున్న ఎలీషా మీద తన దుప్పటి వేశాడు. ఎలీషా కాడి ఎడ్లను కోసి, కాడిమానుతోనే మాంసం వండి జనానికి పెట్టి, గురువు వెంట వెళ్ళిపోయాడు. యొర్దాను దాటాక గురువు ఆకాశానికి వెళ్తే, కింద పడిన దుప్పటి శిష్యుడికి దక్కింది. కొన్ని వందల ఏళ్ళకు అదే యొర్దానులో, ఏలీయాలాగే రోమాల బట్ట, తోలు దట్టి కట్టుకున్న యోహాను యేసుకు బాప్తిస్మమిచ్చాడు. ఏలీయాయే యోహాను, ఎలీషాయే యేసు అని పరమహంస యోగానంద 1946లో అచ్చయిన తన ఆత్మకథలో రాశారు. రాబోయే ఏలీయా ఇతడేనని యేసు యోహానును గురించి చెప్పినట్టు మత్తయి సువార్తలో ఉంది. నేను ఏలీయాను కానని యోహానే అన్నట్టు యోహాను సువార్తలో ఉంది. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిజెన్ ఈ చోటు దగ్గరే ఆగి, వచ్చింది ఏలీయా ఆత్మబలమే గాని అతని జీవుడు కాదని తేల్చాడు.

యోగానంద చెప్పిన దాంట్లో నన్ను కట్టిపడేసేది ఎవరు ఎవరుగా పుట్టారన్నది కాదు. నేనే నీచేత బాప్తిస్మం పొందాలి కదా అని యోహాను వెనక్కి తగ్గాడు. అప్పటికి శిష్యుడు గురువును మించిపోయాడు. అయినా యేసు పట్టుబట్టి, తల వంచి, పాత గురువు చేతి మీదుగానే ఆ సంస్కారం తీసుకున్నాడు.

మన తుంగభద్ర తీరంలో ఇదే కథ అటుదిటు, ఇటుదటు అయింది. వజ్రాల వ్యాపారం వదిలేసి విజయనగరం చేరిన పురందరదాసు నారదుడి అంశ అని హరిదాసుల నమ్మకం. ఆయనకు దీక్ష ఇచ్చింది వ్యాసరాయలు, అంటే ప్రహ్లాదుడు. కడుపులోని బిడ్డకు బోధించిన నారదుడు, ఆ బిడ్డ దగ్గరే శిష్యుడిగా చేతులు జోడించాడు.

పాదాల చెంత కూర్చుంటాడు: ఆ వ్యాసరాయలకూ ఈ నియమం తప్పలేదు. ఆయన దగ్గర చదువుకున్న విజయీంద్రతీర్థుల శిష్యుడు సుధీంద్రతీర్థులు. ఆ సుధీంద్రుల దగ్గరే వేంకటనాథుడు 1621లో తంజావూరులో సన్యాసం తీసుకుని రాఘవేంద్రులయ్యారు. భార్యా కొడుకూ ఉన్న వేంకటనాథుడు మొదట ఒప్పుకోలేదు కూడా. అంటే తన శిష్యుడికి శిష్యుడైనవాడి ముందు రాయరు కూర్చున్నారన్నమాట. వ్యాసరాయలు రాసిన తాత్పర్యచంద్రికకు, తర్కతాండవానికి రాఘవేంద్రులు వ్యాఖ్యలు రాశారు. సంప్రదాయాన్ని నమ్మేవారి లెక్కన, పోయిన జన్మలో తాను రాసినదాన్నే ఈ జన్మలో విద్యార్థిగా మొదటినుంచి చదివి, అర్థం చెప్పారు. పూర్వజన్మ పాండిత్యం ఉంది కదా అని చదువు తప్పించుకోలేదు. రాయరి మహిమల కథలన్నిటికన్నా నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

1671 శ్రావణ బహుళ విదియనాడు ఆయన సజీవంగా బృందావనంలో, అంటే సమాధిలో, ప్రవేశించారు. అవతలి ఒడ్డున బిచ్చాలి నుంచి శిష్యుడు అప్పణాచార్యులు స్తోత్రం చెప్పుకుంటూ నది దాటి పరుగున వచ్చేసరికి చివరి బండ పెట్టేశారు. ఆయనకు గొంతు పూడుకుపోయింది, స్తోత్రం చివరి పాదంలో ఆగిపోయింది. మిగిలిన ఏడక్షరాలు బృందావనం లోపలి నుంచి గురువే పూర్తి చేశారని చెబుతారు. శిష్యుడి రచనకు గురువు చివరి మాట అందించారు.

మంత్రాలయం వెళ్ళే మన ప్రాంతం వాళ్ళు వీలు చూసుకుని ఒకసారి బిచ్చాలికీ, హంపి దగ్గరి ఆనెగొందికీ కూడా వెళ్ళండి. ఆనెగొందిలో తుంగభద్ర మధ్య లంకలో తొమ్మిది బృందావనాలున్నాయి. వాటిలో ఒకటి వ్యాసరాయలది, ఇంకొకటి సుధీంద్రులది.