హై బీపీతో గుండె ఎందుకు ఫెయిలవుతుంది? ప్రెషర్ ఒక్కటే కాదు.. కణాల మీది ఈ రిసెప్టర్లూ కారణమే!

బీపీ ఎక్కువైతే గుండెకు ముప్పు.. ఇది అందరూ చెప్పే మాటే. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని తోసీ తోసీ ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. ఆ తర్వాత బిగుసుకుపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, పాదాల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం.. ఇవన్నీ హార్ట్ ఫెయిల్యూర్ లక్షణాలే. అయితే గుండెను ఇంత దూరం తెచ్చేది ఒత్తిడి ఒక్కటే కాదు. ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే రిసెప్టర్లకూ ఇందులో పెద్ద పాత్రే ఉంది.

రిసెప్టర్ అంటే కణం మీదుండే ప్రోటీన్. తనకు సరిపోయే అణువు వచ్చి అతుక్కోగానే కణం లోపలికి సిగ్నల్ పంపిస్తుంది. వీటిలో టీఎల్‌ఆర్-4 అనే రిసెప్టర్ అసలు పని బ్యాక్టీరియాను పసిగట్టడం. ఈ తరహా రిసెప్టర్లపై పరిశోధనలకే బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు 2011లో నోబెల్ వచ్చింది. చిక్కేంటంటే.. ఒత్తిడికి దెబ్బతిన్న గుండె కణాల నుంచి బయటపడే పదార్థాలకూ ఇది స్పందిస్తుంది. ఇన్‌ఫెక్షన్ లేకుండానే యుద్ధం మొదలన్నమాట! రక్షణ కణాలు గుండెలోకి చేరతాయి, కొల్లాజెన్ పేరుకుంటుంది, కండరం గట్టిపడుతుంది. టీఎల్‌ఆర్-4 లోపించిన ఎలుకల్లో బృహద్ధమనిని బిగించి చూస్తే గుండె మందం కావడం తగ్గింది.

మరి ఇన్‌ఫ్లమేషన్‌ను నేరుగా ఆపేస్తే సరిపోతుంది కదా? డాక్టర్లూ అదే అనుకున్నారు. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల రక్తంలో టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటోందని 1990లోనే తేలింది. దాన్ని అడ్డుకునే కీళ్లవాతం మందులను గుండె జబ్బుకు వాడి చూశారు. ఎటానర్‌సెప్ట్ ట్రయల్స్‌లో ప్రయోజనం కనిపించక 2001లో మధ్యలోనే ఆపేశారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ది ఇంకా ఘోరం. 150 మందిపై చేసిన ట్రయల్‌లో ఎక్కువ డోసు తీసుకున్నవారిలో మరణాలు, ఆస్పత్రి పాలవడం పెరిగాయి.

ఎందుకిలా? ఒక వివరణ ఆసక్తికరంగా ఉంది. టీఎన్‌ఎఫ్‌కు రెండు రిసెప్టర్లు. ఎలుకల్లో చూస్తే మొదటిది గుండెకు హాని చేస్తోంది, రెండోది కాపాడుతోంది. మందు మాత్రం టీఎన్‌ఎఫ్‌నే పట్టేస్తుంది కాబట్టి రెండు దారులూ మూసుకుపోతాయి.

ఇక విచిత్రమేంటంటే, ఫలితమిచ్చిన మందులు మన ఇళ్లలోనే ఉన్నాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ మాత్రలు ఏటీ-1 అనే రిసెప్టర్‌ను అడ్డుకుంటాయి. యాంజియోటెన్సిన్-2 హార్మోన్ ఈ రిసెప్టర్ ద్వారానే రక్తనాళాలను బిగిస్తుంది, ఇన్‌ఫ్లమేషన్‌నూ పెంచుతుంది. అందుకే రీడింగ్ నార్మల్‌కు వచ్చిందని మాత్ర మానేస్తే బీపీ మళ్లీ పెరగడమే కాదు, ఈ దారీ మళ్లీ తెరుచుకుంటుంది. స్పైరోనోలాక్టోన్ అడ్డుకునేది ఆల్డోస్టిరాన్ రిసెప్టర్‌ను. తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 1,663 మందిపై జరిపి 1999లో ప్రచురించిన ట్రయల్‌లో ఇది మరణాల ముప్పును 30 శాతం తగ్గించింది. కాకపోతే పొటాషియం పెరిగే రిస్క్ ఉంది, రక్త పరీక్షలు తప్పవు.

ఇన్‌ఫ్లమేషన్ అనగానే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కొనేసేవాళ్లూ ఉంటారు. అవి ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులే, కానీ ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయేలా చేస్తాయి. బీపీని పెంచుతాయి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారిని ఆస్పత్రి దాకా తీసుకెళ్లగలవు.