బొమ్మల ఇంట్లో తెలివితక్కువ తండ్రి



ఇంట్లో తండ్రి మాటే వేదవాక్కు అని వింటూ పెరిగినవాళ్ళం మనం. ఆ తండ్రే ఇంట్లో అందరికన్నా తెలివితక్కువవాడైతే? అమెరికా టెలివిజన్‌లో ముప్పయ్యేళ్ళు దాటినా ఆగకుండా సాగుతున్న 'ద సింప్సన్స్' అనే ధారావాహికకు ఇదే ఆయువుపట్టు. బొమ్మలు గదా, పిల్లల కోసమేమో అనుకునేరు. రాసింది పెద్దలకే.

అంతకుముందు, 1954 నుంచి 1960 దాకా, అక్కడ 'ఫాదర్ నోస్ బెస్ట్' అనే కార్యక్రమం వచ్చేది. అంటే నాన్నకే అంతా తెలుసునని. ఆ కథ జరిగే ఊరి పేరు స్ప్రింగ్‌ఫీల్డ్. దాన్ని చూస్తూ పెరిగిన మాట్ గ్రేనింగ్ పెద్దయి బొమ్మలు గీసి, తన కథకూ అదే ఊరి పేరు పెట్టాడు. కానీ ఈ ఊళ్ళో నాన్నకు ఏమీ తెలియదు! పైగా ఆ తండ్రికి హోమర్ అని తన కన్నతండ్రి పేరే పెట్టాడు. మన ఇళ్ళల్లో ఇలాంటి పని చేస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

1987 ఏప్రిల్ 19న వేరొకరి కార్యక్రమంలో చిన్న తునకగా మొదలైన ఈ కథ, 1989 డిసెంబరు 17న అరగంట ధారావాహిక అయింది. హోమర్ ఉద్యోగం అణువిద్యుత్ కేంద్రంలో, అదీ భద్రత చూసే పని. విధుల్లో ఉండగా నిద్రపోతాడు.

ఆ మొదటి అరగంట కథ చెబుతాను, వినండి. క్రిస్మస్ వచ్చింది. దాచుకున్న డబ్బు కాస్తా కొడుకు వేయించుకున్న పచ్చబొట్టు తీయించడానికి ఖర్చయిపోయింది. ఇక హోమర్‌కు వచ్చే బోనసే దిక్కు. యజమాని అదీ లేదన్నాడు. ఆ మాట భార్యతో చెప్పడానికి నోరు రాక, హోమర్ దొంగచాటుగా అంగళ్ళ సముదాయంలో క్రిస్మస్ తాత వేషం కట్టాడు. కూలి చాలలేదు. కుక్కల పందెంలో కాసి అదీ పోగొట్టుకున్నాడు. చివరికి ఓడిపోయిందని యజమాని తరిమేసిన కుక్కను ఇంటికి తెస్తే, పిల్లలు దానికే మురిసిపోయారు. పండగపూట ఖాళీ జేబుతో గుమ్మం ఎక్కిన తండ్రి ఏ దేశంలో లేడు చెప్పండి?

పొరపాటు జరిగినప్పుడల్లా హోమర్ 'డో!' అంటాడు. గొంతు ఇచ్చిన డాన్ కాస్టెల్లనెటా దాన్ని పాత లారెల్-హార్డీ చిత్రాల నటుడు జేమ్స్ ఫిన్లేసన్ దగ్గర పట్టాడు. 2001లో అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది. మా సరిహద్దు బళ్ళలో తెలుగు, కన్నడ పిల్లలిద్దరూ 'అయ్యో' అనే అంటారు గనుక నాకిది చిత్రంగా తోచింది.

అందరికీ ఈ కుటుంబం నచ్చలేదు. 1992లో అధ్యక్షుడు జార్జ్ బుష్ అమెరికా కుటుంబాలు సింప్సన్లలా ఉండకూడదన్నాడు. ఆయన 1995 జనవరిలో వచ్చిన భాగం చూసి ఉంటే ఏమనేవాడో!

అందులో హోమర్ అప్పులు తీర్చి, ఆ కేంద్రం వదిలి, తనకిష్టమైన బౌలింగ్ ఆటశాలలో చేరతాడు. ఇంతలో మూడో బిడ్డ కడుపున పడింది. చాలీచాలని జీతం. వెళ్ళి పాత యజమాని కాళ్ళావేళ్ళా పడ్డాడు. నువ్విక శాశ్వతంగా ఇక్కడే, మరవకు అని రాసిన ఫలకం ఆయన హోమర్ బల్ల ఎదుట బిగించాడు. ఇంట్లో ఆల్బంలో చిన్నదాని ఫొటో ఒక్కటీ లేదేమని పిల్లలు అడుగుతారు. ఫొటోలన్నీ ఆ ఫలకం మీదే ఉన్నాయి. అక్షరాలు కొన్ని కప్పేలా వాటిని అంటించాడు. మిగిలిన అక్షరాలు కలిపి చదివితే, ఆమె కోసం చెయ్యి అని వస్తుంది.